అడ్రినలిన్‌కు గుండె తీగలు ఎలా స్పందిస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

భయపడితే గుండె దడదడలాడుతుందని, దానికి అడ్రినలిన్ కారణమని ఇప్పుడు హైస్కూలు పిల్లలకూ తెలుసు. గుండె పైభాగంలో ఉన్న ఒక చిన్న కణుపుకు ఆ మాట చక్కగా సరిపోతుంది. అక్కడి నుంచి కిందికి దిగి, జఠరికల (గుండె కింది గదుల) లోపలి గోడల్లో పరచుకున్న వాహక తంతువుల (విద్యుత్ సంకేతాన్ని మోసే తీగల) దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. అదే అడ్రినలిన్ ఇక్కడ ఒకసారి తొందరపెడుతుంది, ఒకసారి వెనక్కి లాగుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. ఏ గ్రాహకం స్పందించింది, ఆ క్షణాన తంతువు ఏ స్థితిలో ఉంది అన్న రెండు విషయాలే దాన్ని తేలుస్తాయి. వైద్య విద్యార్థులు, ఇంట్లో గుండె రోగి ఉన్నవారు అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. అడ్రినలిన్ వంటివి వచ్చి అతుక్కునే కణ ప్రోటీన్‌ను డాక్టర్లు రిసెప్టర్ అంటారు, దాన్నే గ్రాహకం అని రాస్తున్నాను.

వాహక తంతువులు అంటే ఏవి? అవి నాడులా?

నాడులు కావు, కండర కణాలే. సంకోచించే పనిని దాదాపు వదిలేసి, విద్యుత్తును మోయడంలో ఆరితేరిన కండర కణాలు. పైన చెప్పిన చిన్న కణుపు పేరు సిరాకర్ణికా కణుపు. అందులో పుట్టిన సంకేతం కర్ణికలను (పై గదులను) దాటి కర్ణికా జఠరికా కణుపుకు చేరుతుంది. అక్కడ కాస్త ఆగి, హిస్ కట్ట ద్వారా కిందికి దిగి, కుడి ఎడమ శాఖలుగా చీలి, చివరికి పర్కింజీ తంతువులుగా జఠరికల లోపలి పొర కింద అల్లుకుంటుంది. పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువలు, వాటి నుంచి బోదెలు చీలి పొలమంతా ఒకేసారి తడిపినట్లు ఉంటుంది ఈ ఏర్పాటు.

చెక్ శాస్త్రవేత్త యాన్ పర్కిన్యే 1839లో గొర్రె గుండెలో వీటిని గమనించాడు. బూడిదరంగులో జిగురుగా ఉన్న ఈ దారాలు ఏ పని చేస్తాయో ఆయనకు తెలియలేదు. అవి కర్ణికా జఠరికా కణుపు నుంచి మొదలయ్యే ఒకే తీగల వ్యవస్థలో భాగమని జపాన్‌కు చెందిన సునావో తవారా 1906లో తేల్చాడు. మాంసం దుకాణంలో గొర్రె గుండెను నిలువుగా కోయించి జఠరిక లోపల చూడండి. ఒక గోడ నుంచి మరో గోడకు సన్నని దారాలు కనిపిస్తాయి. పర్కింజీ తంతువులు వాటి గుండానే సాగుతాయి. ప్రయోగశాలలు చాలాకాలం ఆ దారాలనే కత్తిరించి వాడుకున్నాయి.

పర్కింజీ తంతువుల్లో సంకేతం సెకనుకు 2 నుంచి 4 మీటర్లు పరుగెత్తుతుంది. కర్ణికా జఠరికా కణుపులో అది సెకనుకు సుమారు 5 సెంటీమీటర్లే.

ఆ తంతువులో విద్యుత్తు ఎలా పుడుతుంది?

తీరికగా ఉన్నప్పుడు కణం లోపలి భాగం బయటితో పోలిస్తే మైనస్ 90 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. సంకేతం రాగానే సోడియం చానెళ్లు (కణపొరలో సోడియంను లోపలికి వదిలే ద్వారాలు) తెరుచుకుంటాయి, వోల్టేజి ఒక్క ఉదుటున పైకి లేస్తుంది. ఆ తర్వాత కాల్షియం నెమ్మదిగా లోపలికి వస్తూ కొంతసేపు ఆ ఎత్తును నిలబెడుతుంది. పొటాషియం బయటికి పోయేకొద్దీ కణం మళ్లీ కిందికి దిగుతుంది.

మామూలు జఠరిక కండర కణం అక్కడితో ఊరుకుంటుంది. పర్కింజీ కణం ఊరుకోదు. కిందికి దిగాక కూడా మెల్లగా, చాలా మెల్లగా, దానంతట అదే పైకి పాకుతూ ఉంటుంది. స్పందన రగిలే వోల్టేజిని గడప అందాం. ఆ గడప దాకా పాకితే సొంతంగా ఒక స్పందనను పుట్టిస్తుంది. పై నుంచి ఆజ్ఞలు రాకపోతే నిమిషానికి 20 నుంచి 40 సార్లు కొట్టగలదు. అడ్రినలిన్ ముందుగా చెయ్యి వేసేది ఈ పాకుడు మీదే కాబట్టి దీన్ని గుర్తుంచుకోండి.

అడ్రినెర్జిక్ (అడ్రినలిన్‌కు స్పందించే) గ్రాహకాల్లో ఇన్ని రకాలు ఎందుకు?

అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ వంటి పదార్థాలు ఒక్కో అవయవం మీద ఒక్కోలా పనిచేయడం చూసి, గ్రాహకాలు రెండు రకాలై ఉండాలని అమెరికా ఔషధ శాస్త్రవేత్త రేమండ్ ఆల్‌క్విస్ట్ 1948లో ప్రతిపాదించాడు. వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టాడు. మందుల శాస్త్రానికి చెందిన పత్రిక ఆ వ్యాసాన్ని తిప్పి పంపింది. చివరికి అది ఒక శరీరధర్మ శాస్త్ర పత్రికలో వచ్చింది. పదేళ్లకు పైగా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. జేమ్స్ బ్లాక్ దాన్ని ఆధారం చేసుకొని ప్రొప్రనలాల్ అనే బీటా బ్లాకర్‌ను (బీటా గ్రాహకాలను మూసే మందును) తయారు చేశాక ఆల్‌క్విస్ట్ మాటకు విలువ వచ్చింది. 1967లో బీటాను మళ్లీ బీటా-1, బీటా-2 అని విడదీశారు.

ఆరోగ్యంగా ఉన్న మనిషి జఠరికల్లో బీటా గ్రాహకాల్లో సుమారు 80 శాతం బీటా-1 రకం, మిగతావి దాదాపు అన్నీ బీటా-2. ఆల్ఫాలో ఒక రకమైన ఆల్ఫా-1 గ్రాహకాలు వీటికంటే చాలా తక్కువ. తక్కువ కదా అని పక్కన పెట్టేస్తే పర్కింజీ తంతువుల కథలో సగం పోతుంది.

బీటా గ్రాహకాన్ని తట్టినప్పుడు కణం లోపల ఏమి జరుగుతుంది?

గ్రాహకం కణపొరను ఏడుసార్లు దాటి వెళ్లే ఒక ప్రోటీన్. బయటి వైపు అడ్రినలిన్ అతుక్కుంటే దాని ఆకారం మారి, లోపలి వైపున ఉన్న జీ-ప్రోటీన్‌ను కదిలిస్తుంది. అది అడినైలిల్ సైక్లేజ్ అనే ఎంజైమును లేపుతుంది. ఆ ఎంజైము కణానికి శక్తినిచ్చే ఏటీపీని సైక్లిక్ ఏఎంపీ అనే దూత అణువుగా మారుస్తుంది. ఈ సైక్లిక్ ఏఎంపీ కొన్ని చానెళ్లకు నేరుగా అతుక్కుంటుంది, మరికొన్నింటిని ప్రోటీన్ కైనేజ్-ఏ అనే ఎంజైము ద్వారా మారుస్తుంది.

సైక్లిక్ ఏఎంపీని కనిపెట్టిన ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో, గ్రాహకాల గుట్టు విప్పిన రాబర్ట్ లెఫ్‌కోవిట్జ్, బ్రయాన్ కోబిల్కాలకు 2012లో నోబెల్ వచ్చింది. ఈ గొలుసుకంతటికీ ముడిసరుకైన ఏటీపీని కండరంలో గుర్తించి 1929లో ప్రకటించినవారిలో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆయనకు ఆ బహుమతి రాలేదు.

'ఫన్నీ కరెంట్' అంటే ఏమిటి? పేరు అలా ఎందుకు పెట్టారు?

ఈ ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబు చెప్పాలి. పర్కింజీ తంతువుల చరిత్రలో నాకు అన్నింటికంటే ఇష్టమైన ఘట్టం ఇది.

1968లో శాస్త్రవేత్తలు హౌస్‌విర్త్, డెనిస్ నోబుల్, రిచర్డ్ సియెన్ పర్కింజీ తంతువుల మీద అడ్రినలిన్ వేసి చూశారు. పైకి పాకే వేగం పెరిగింది. దానికి కారణమైన విద్యుత్ ప్రవాహాన్ని కూడా కొలిచారు. కణం నుంచి బయటికి పోతున్న పొటాషియం ప్రవాహం క్రమంగా తగ్గిపోవడం వల్లే కణం పైకి పాకుతోందని, అడ్రినలిన్ ఆ తగ్గుదలను త్వరపెడుతోందని అర్థం చేసుకున్నారు. పదేళ్లకు పైగా అందరూ అదే నమ్మారు.

1979లో సిరాకర్ణికా కణుపులో బ్రౌన్, డారియో డిఫ్రాన్సెస్కో, నోబుల్ మరో ప్రవాహాన్ని చూశారు. మిగతా చానెళ్లు వోల్టేజి పైకి పోతే తెరుచుకుంటుంటే, ఇది కిందికి దిగితే తెరుచుకుంటోంది. పైగా సోడియం, పొటాషియం రెండింటినీ పోనిస్తోంది. ఈ విడ్డూరం చూసి దానికి 'ఫన్నీ' అని పేరు పెట్టారు. ఆ పేరే స్థిరపడింది. 1981లో డిఫ్రాన్సెస్కో పర్కింజీ తంతువుల దగ్గరికి తిరిగి వెళ్లి, బేరియంతో ఇతర పొటాషియం ప్రవాహాన్ని అడ్డుకొని మళ్లీ కొలిచాడు. అన్నేళ్లుగా అందరూ నమ్మినది తలకిందులైంది. అక్కడ బయటికి పోయే ప్రవాహం తగ్గడం లేదు, లోపలికి వచ్చే ప్రవాహం పెరుగుతోంది. కొలతలు సరైనవే, వాటికి చెప్పుకున్న అర్థమే తప్పు. నోబుల్ తన పాత అభిప్రాయాన్ని వదులుకొని కొత్తదాని వైపు నిలబడ్డాడు. అది అందరికీ చేతనయ్యే పని కాదు.

సైక్లిక్ ఏఎంపీ ఈ చానెల్‌కు నేరుగా అతుక్కుంటుందని 1991లో తేలింది. అతుక్కున్నాక చానెల్ ఇంకాస్త పై వోల్టేజి దగ్గరే తెరుచుకోవడం మొదలుపెడుతుంది. అందువల్ల కణం గడపకు త్వరగా చేరుతుంది. గుండె వేగాన్ని తగ్గించే ఇవాబ్రాడిన్ అనే మాత్ర అడ్డుకునేది ఈ చానెల్‌నే.

బీటా ప్రేరణ వల్ల ఒక్కో స్పందన ఆకారం మారుతుందా?

మారుతుంది. కాల్షియం ఎక్కువగా వస్తుంది కాబట్టి మధ్యలో నిలబడే ఎత్తు పెరుగుతుంది. పొటాషియం బయటికి పోవడం కూడా పెరుగుతుంది కాబట్టి, బీటా ప్రేరణ పెరిగేకొద్దీ స్పందన త్వరగా ముగుస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పుడు ప్రతి స్పందనా కురచ కావడం అవసరం. లేకపోతే రక్తం నిండడానికి వ్యవధి ఉండదు.

తంతువుల్లో సంకేతం వేగం కూడా పెరుగుతుందా?

చాలామంది ఇక్కడే పొరబడతారు. అడ్రినలిన్ వల్ల వేగం బాగా పెరిగేది కర్ణికా జఠరికా కణుపులో. ఆ కణుపు కాల్షియం చానెళ్ల మీద ఆధారపడుతుంది, బీటా గ్రాహకాలు పెంచేది వాటినే. ఆరోగ్యంగా ఉన్న పర్కింజీ తంతువు మాత్రం సోడియం చానెళ్ల మీద నడుస్తుంది, అప్పటికే చాలినంత వేగంతో పరుగెడుతూ ఉంటుంది. దానికి అడ్రినలిన్ కొత్తగా చేర్చేది స్వల్పం.

దెబ్బతిన్న తంతువు సంగతి వేరు. చుట్టూ పొటాషియం పెరిగిపోయి కణం మైనస్ 90 నుంచి మైనస్ 50 దాకా జారిందనుకోండి. సోడియం చానెళ్లు మూతపడి తంతువు మూగబోతుంది. అప్పుడు అడ్రినలిన్ తగిలితే కాల్షియం చానెళ్ల బలంతో అది మళ్లీ పలుకుతుంది. కానీ ఆ పలుకు నత్తనడక నడుస్తుంది. ఒకే గుండెలో కొన్ని తంతువులు గుర్రంలా, కొన్ని నత్తలా నడిస్తే సంకేతం ఒక చోట ఆలస్యమై, తిరిగి వచ్చి, అప్పటికే తేరుకున్న భాగాన్ని మళ్లీ రగిలించవచ్చు. ఇలాంటి వలయాలే కొన్ని ప్రమాదకరమైన లయ దోషాలకు మూలం. ఆ తంతువు పూర్తిగా మూగగా ఉండిపోతేనే నయం అనిపిస్తుంది.

ఆల్ఫా గ్రాహకాలు గుండెలో ఏమి చేస్తాయి? అవి రక్తనాళాలకే కదా?

రక్తనాళాల్లో వాటి పని ప్రసిద్ధం, అంతే. మైకేల్ రోసెన్ బృందం 1977లో కుక్క పర్కింజీ తంతువుల మీద చూపించిన సంగతి వినండి. ఎదిగిన కుక్కల తంతువులకు అడ్రినలిన్‌ను చాలా తక్కువ మోతాదులో ఇస్తే వాటి సొంత వేగం చాలా వాటిలో పెరగలేదు, తగ్గింది. మోతాదు పెంచితే బీటా పైచేయి సాధించి వేగం పెరిగింది. తగ్గించే పని ఆల్ఫా-1 గ్రాహకాలది. అవి సోడియంను బయటికి, పొటాషియంను లోపలికి తోడే పంపును ఉత్సాహపరుస్తాయి. ఆ పంపు ప్రతి విడతలో మూడు సోడియం అయాన్లను పంపి రెండు పొటాషియం అయాన్లనే తెస్తుంది కాబట్టి కణం లోపల మరింత రుణాత్మకమై, గడప దూరమవుతుంది.

అప్పుడే పుట్టిన కుక్కపిల్లల్లో ఇది తారుమారు. వాటిలో ఆల్ఫా-1 ప్రేరణ వేగాన్ని పెంచుతుంది. నార్‌అడ్రినలిన్‌ను విడుదల చేసే సహానుభూత నాడులు గుండెలోకి పూర్తిగా అల్లుకున్నాకే ఈ మార్పు వస్తుంది. ఎలుక గుండె కణాలను నాడీ కణాలతో కలిపి పెంచినప్పుడు కూడా ఇదే కనిపించింది. అంటే నాడి గుండెకు ఆజ్ఞలు ఇచ్చి ఊరుకోదు, ఆ ఆజ్ఞలను ఎలా అర్థం చేసుకోవాలో కూడా నేర్పుతుంది.

స్పందన నిడివిని ఆల్ఫా-1 పెంచుతుంది. ఈ విషయంలోనూ అది బీటాకు ఎదురే.

హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్‌కు, దీనికి సంబంధం ఉందంటారు. నిజమా?

నిజమే. కొంచెం చేదు నిజం. క్లోరోఫాం మత్తులో కొందరు రోగులు హఠాత్తుగా చనిపోయేవారు. ఊపిరి ఆగి పోతున్నారా, గుండె ఆగి పోతున్నారా అన్నది 19వ శతాబ్దపు పెద్ద తగాదా. హైదరాబాద్‌లో సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఊపిరి పక్షాన నిలిచాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించగా 1888లో ఒక కమిషన్, 1889లో మరో కమిషన్ ఏర్పడ్డాయి. రెండోదానికి లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల జంతువుల మీద పరీక్షలు జరిపి, ఊపిరి ముందు ఆగుతుందని, గుండె ఆ తర్వాతే ఆగుతుందని తీర్పు చెప్పారు.

1911లో బ్రిటిష్ వైద్యుడు గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద మరోలా పరీక్షించాడు. క్లోరోఫాం తేలికగా ఇచ్చి, ఆపైన కాస్త అడ్రినలిన్ ఎక్కించాడు. జఠరికలు గిలగిలా కొట్టుకొని, రక్తాన్ని తోసే శక్తి పోయి, పిల్లులు చనిపోయాయి. లోతైన మత్తులో అలా జరగలేదు. ఆపరేషన్ బల్ల మీద భయంతో పెనుగులాడే రోగి శరీరమే అడ్రినలిన్‌ను విడుదల చేస్తుంది కాబట్టి, మత్తు సరిగా ఎక్కని మొదటి నిమిషాలే గండం అన్నమాట. హైదరాబాద్‌లో అంత శ్రమపడి అడిగిన ప్రశ్నలో అడ్రినలిన్ లేదు. అప్పటికి దాన్ని ఎవరూ కనిపెట్టనేలేదు, కాబట్టి వారిని తప్పుపట్టలేం.

తర్వాతి తరం మత్తుమందు హాలోథేన్‌లోనూ ఈ గుణం ఉంది. 1990లలో కుక్క పర్కింజీ తంతువుల మీద చేసిన పరీక్షల్లో, హాలోథేన్ ఉన్నప్పుడు అడ్రినలిన్ సంకేత వేగాన్ని కాసేపు తగ్గించింది. అందులో ఆల్ఫా-1 గ్రాహకాల పాత్ర కనిపించింది. పైన చెప్పిన నత్తనడక ప్రమాదం ఇక్కడా ఎదురైంది.

పరుగెడితే అడ్రినలిన్ పెరుగుతుంది కదా, మరి పర్కింజీ తంతువులు సొంతంగా కొట్టడం మొదలుపెట్టవా?

మామూలుగా పెట్టవు. పరుగెత్తేటప్పుడు సిరాకర్ణికా కణుపు ఇంకా ఎక్కువగా రెచ్చిపోయి నిమిషానికి 150, 160 సంకేతాలు పంపుతుంది. ప్రతి సంకేతంతోనూ పర్కింజీ కణంలోకి సోడియం వచ్చి చేరుతుంది. దాన్ని తోడిపారేయడానికి పంపు జోరుగా తిరుగుతుంది, ఆ జోరే కణాన్ని గడపకు దూరంగా ఉంచుతుంది. 1970లో మారియో వాసల్లే ఈ విషయాన్ని రుజువు చేశాడు. పెద్దవాడు మాట్లాడుతున్నంతసేపు చిన్నవాడికి నోరు తెరిచే సందు దొరకదు.

హార్ట్ బ్లాక్ ఉన్నవారికి అట్రోపిన్ పనిచేయక ఐసోప్రినలిన్ ఎందుకు ఇస్తారు?

పై నుంచి సంకేతం పూర్తిగా తెగిపోతే గుండెను నడిపే భారం పర్కింజీ తంతువుల మీద పడవచ్చు. ఈసీజీలో వెడల్పాటి క్యూఆర్ఎస్ (జఠరికల స్పందనను చూపే గీత), నిమిషానికి 30 చొప్పున కనిపిస్తుంది. అట్రోపిన్ గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి పట్టును వదిలిస్తుంది. వేగస్ పట్టు ప్రధానంగా రెండు కణుపుల మీదే, కింది తంతువుల మీద చాలా తక్కువ. లేని పట్టును ఎవరు వదిలించగలరు? ఐసోప్రినలిన్ నేరుగా బీటా గ్రాహకాలను తడుతుంది కాబట్టి తంతువుల సొంత వేగం పెరుగుతుంది. ఇది పేస్‌మేకర్ అమర్చేదాకా గడిపే మార్గం మాత్రమే.

విశ్రాంతిలో ఈసీజీ బాగానే ఉన్న పిల్లలు ఆటలో కుప్పకూలడం అడ్రినలిన్ వల్లేనా?

కారణాలు చాలా ఉంటాయి. వాటిలో ఒకటి నేరుగా ఈ విషయానికే చెందుతుంది. కణం లోపల కాల్షియంను దాచే గిడ్డంగి ఒకటి ఉంది, దాని తలుపు పేరు రయనడిన్ గ్రాహకం. పేరులో గ్రాహకం ఉన్నా దీనికి అడ్రినలిన్ అతుక్కోదు. దాని జన్యువులోని లోపం ఒక రకం వంశపారంపర్య లయ దోషానికి కారణమని 2001లో తేలింది. డాక్టర్లు దాన్ని సీపీవీటీ అంటారు. బీటా ప్రేరణ గిడ్డంగిని నింపుతుంది. తలుపు గట్టిగా ఉంటే పర్వాలేదు. వదులుగా ఉంటే, స్పందన ముగిసి కణం విశ్రాంతిలోకి వచ్చాక కాల్షియం కారుతుంది. ఆ కాల్షియంను బయటికి పంపే మారకపు యంత్రం ఒక కాల్షియంకు బదులుగా మూడు సోడియంలను లోపలికి తెస్తుంది. ఆ ధనావేశంతో వోల్టేజిలో ఒక ఆలస్యపు అల లేస్తుంది. అల గడప దాటితే అనుకోని స్పందన పుడుతుంది.

ఇలాంటి అలలకు పర్కింజీ కణాలు మిగతా జఠరిక కణాలకంటే త్వరగా లొంగుతాయని ఈ లోపం ఉన్న ఎలుకల్లో చూశారు. డిజాక్సిన్ అనే గుండె మందు మోతాదు మించినప్పుడూ ఇవే అలలు లేస్తాయి. సీపీవీటీని విశ్రాంతి ఈసీజీ పట్టుకోలేదు, ట్రెడ్‌మిల్ పరీక్ష పట్టుకుంటుంది. నడలాల్ లేదా ప్రొప్రనలాల్ అనే బీటా బ్లాకర్లు, అవసరమైతే లయను సరిచేసే ఫ్లెకనైడ్ వాడతారు. ఆటలోనో, గట్టిగా భయపడినప్పుడో పిల్లవాడు స్పృహ తప్పితే నీరసం అని సరిపెట్టుకోకండి, గుండె డాక్టరుకు చూపించండి.

గుండెపోటు తర్వాత ఈ తంతువులు చచ్చిపోవా?

చాలావరకు బతుకుతాయి. లోపలి పొరకు ఆనుకొని ఉండడం వల్ల జఠరికలోని రక్తం నుంచే వాటికి కొంత ఆక్సిజన్ అందుతుంది. చుట్టూ కండరం చనిపోయినా, గాయపడి, సగం జారిన వోల్టేజితో ఇవి మిగులుతాయి. నొప్పి, ఆందోళనల వల్ల శరీరంలో అడ్రినలిన్ పొంగుతున్న సమయమది. మొదటి ఒకటి రెండు రోజుల్లో వచ్చే లయ దోషాల్లో వీటి హస్తం ఉంది.

బీటా బ్లాకర్ ఒక్కసారిగా మానేస్తే ఏమవుతుంది?

గ్రాహకాలను చాలాకాలం మూసి ఉంచితే కణం మరిన్ని గ్రాహకాలను పొరపైకి తెస్తుంది. మాత్ర ఆపగానే అవన్నీ ఒకేసారి తెరుచుకొని, మామూలు అడ్రినలిన్‌కే గుండె అతిగా స్పందిస్తుంది. మానాలంటే డాక్టరు చెప్పినట్లు మోతాదు తగ్గించుకుంటూ రావాలి.

ఇవన్నీ కుక్కలు, గొర్రెల్లో చూసినవే కదా, మనిషికి వర్తిస్తాయా?

మూల సూత్రాలు వర్తిస్తాయి. ఫన్నీ కరెంట్, బీటా గొలుసు, కాల్షియం అలలు మనిషి గుండెలోనూ ఉన్నాయి. ఆల్ఫా-1 విషయంలో మాత్రం జాతికి జాతికి తేడా ఎక్కువ, అక్కడ ఆచితూచి మాట్లాడాలి. మనిషి పర్కింజీ తంతువులు ప్రయోగశాలకు దొరకడమూ అరుదే. తీగల అమరిక కూడా ఒకేలా ఉండదు. పందిలో పర్కింజీ తంతువులు జఠరిక గోడ గుండా దాదాపు బయటి పొర దాకా చొచ్చుకుపోతాయి. మనిషిలో, కుక్కలో అవి లోపలి పొరను అంటిపెట్టుకొని ఉంటాయి.